కాలు ఎక్కడుంది, మాస్టారూ?

పంతొమ్మిది వందల ఎనభై ఏడవ సంవత్సరం జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాతో, చేతిలో టిఫిన్ డబ్బాతో మన సంస్థ గేటు దాటి లోపలికి వచ్చిన ఇరవై నాలుగేళ్ల యువకుడే ఈ నెలాఖరున పదవీ విరమణ చేయబోతున్న మన 'పేజీల మాస్టారు' అంటే, కొత్తగా చేరినవారు నమ్మకపోవచ్చు. ఆ చొక్కా పోయింది, ఆ నిటారు నడుమూ పోయింది. అభినందన వ్యాసాల్లో 'అలుపెరుగని కృషీవలుడు' అని రాయడం ఆనవాయితీ. వారి విషయంలో అలా రాస్తే పచ్చి అబద్ధమవుతుంది. మాస్టారు అలిసిపోయారు. ఆ సంగతి ఆయన నోటితో ఏనాడూ అనలేదు గానీ, మెట్ల దగ్గర ఆగి రెయిలింగ్ పట్టుకునే తీరు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

విద్యుత్ సరఫరా నియంత్రణ కేంద్రాల కోసం సొంతంగా ఒక కంప్యూటర్‌నూ, దానికొక ఆపరేటింగ్ సిస్టమ్‌నూ తయారు చేయాలని మన సంస్థ సంకల్పించిన రోజులవి. రెండో అంతస్తు చివరి గదిలో కిటికీకి ఏసీ బిగించి, దాని చల్లగాలి యంత్రం మీదికీ, వేడిగాలి పక్క వరండాలో కూర్చున్న ఇంజనీర్ల మీదికీ వచ్చేలా ఏర్పాటు చేశారు. యంత్రం ఖరీదైనది, ఇంజనీర్లు కాదు. కెర్నల్ అనబడే మూల ప్రోగ్రాములో ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని భాగం మెమరీ నిర్వహణ. కొత్తగా వచ్చినవాడి నెత్తిన దాన్ని రుద్దడం ఏ కార్యాలయంలోనైనా జరిగేదే గనుక, అది మాస్టారికి దక్కింది.

మన సంస్థ పత్రికను కుటుంబసభ్యులూ చదువుతారు కాబట్టి ఆ పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. యంత్రంలో మెమరీ కొంచెమే ఉంటుంది; నడవవలసిన ప్రోగ్రాములు ఎన్నో. మెమరీని సమానమైన చిన్న భాగాలుగా విడగొట్టి, వాటికి పేజీలని పేరు పెట్టి, ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాము 'మొత్తం ఇల్లంతా నాదే' అనుకునేలా ఊహాత్మకమైన చిరునామాలిచ్చి, ఆ చిరునామా వెనుక అసలు చోటు ఎక్కడుందో ఒక పట్టికలో రాసిపెట్టడమే వర్చువల్ మెమరీ. చోటు చాలకపోతే అప్పటికి అవసరం లేని పేజీని డిస్కులో పడేసి, అడిగినప్పుడు మళ్లీ తెచ్చిస్తారు. మాస్టారి కూతుర్ని చిన్నప్పుడు బడిలో "మీ నాన్న ఏం చేస్తారమ్మా?" అని అడిగితే, "లేనిది ఉన్నట్టు చూపిస్తారు టీచర్" అందట. గారడీ ప్రదర్శన ఇప్పించమని ప్రధానోపాధ్యాయురాలు కబురు పెట్టారు.

పట్టికలు సిద్ధమయ్యాయి. ఇక పేజింగ్‌ను ఆన్ చేయడమే తరువాయి. ఆన్ చేశారు. తెర నల్లబడింది, యంత్రం ఏమీ ఎరగనట్టు మొదటినుంచి మెమరీ లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ అదే తంతు. వారాలు గడిచాయి. కొత్తగా పెళ్లయిన ఇల్లాలు వడ్డించిన అన్నం ముందు కూర్చుని మాస్టారు కంచం అంచు మీద వేలితో పట్టికలు గీసేవారట. ఆఖరికి, అందరూ 'పెద్దాయన' అని పిలుచుకునే అప్పటి విభాగాధిపతి ఒక మధ్యాహ్నం వరండాలోకి వచ్చి, ఆ పట్టిక తిరగేసి, కళ్లజోడు పైకి నెట్టుకున్నారు.

"అందరికీ కొత్త చిరునామాలిచ్చావు, బానే ఉందోయ్. ఇస్తున్నవాడు ఎక్కడ నిలబడ్డాడు?"

"అంటే సార్?"

"నీ కాలు ఎక్కడుందని అడుగుతున్నా."

మాస్టారికి అప్పుడు వెలిగింది. పేజింగ్‌ను ఆన్ చేసే ఆజ్ఞ కూడా మెమరీలో ఒక పేజీలోనే ఉంటుంది. ఆన్ చేసిన మరుక్షణం పాత చిరునామాలన్నీ చెల్లవు; తరువాతి ఆజ్ఞ కోసం యంత్రం పాత చిరునామాకే వెళుతుంది; పట్టికలో ఆ చిరునామాయే లేదు. తప్పు జరిగిందని చెప్పుకుందామన్నా, ఆ చెప్పే ప్రోగ్రామూ దొరకదు. ఊరందరికీ ఇళ్లు కేటాయించిన మనిషి తన కాళ్ల కింది చోటును పట్టికలో ఎక్కించడం మరిచిపోయాడన్నమాట. ఆ ఒక్క పేజీని పాత చిరునామాతోనూ, కొత్త చిరునామాతోనూ రెండు విధాలా చూపేలా రాయగానే యంత్రం నిలబడింది. ఆ రోజు నుంచి మన ప్రయోగశాలలో ఎవరు ఏ కొత్త మార్పును ఆన్ చేయబోయినా పక్కవారు "కాలు ఎక్కడుంది?" అని అడగాలి, ఆ చేసేవారు జవాబు చెప్పాలి. ఈ ఆచారం ఎందుకు పుట్టిందో తెలియకుండానే ఇవాళ మనమంతా పాటిస్తున్నాం.

అయితే ఆ కథకు తోక మిగిలింది. కొత్త చిరునామాకు చేరుకున్నాక పాత చిరునామాకు వెళ్లే దారిని పట్టికలోంచి చెరిపేయాలి. మాస్టారు చెరిపి చూశారు. యంత్రం మళ్లీ కుప్పకూలింది. మధ్యలో ఆపిన పనుల వివరాలు దాచుకునే స్టాక్, మరికొన్ని సామాన్లు ఇంకా పాత చిరునామాలోనే ఉండిపోయాయి. యంత్రాలు పంపే గడువు ముంచుకొచ్చింది. "ప్రస్తుతానికి దారి ఉండనియ్యి, తర్వాత చూద్దాం" అన్నారు పైవారు. యంత్రాలు వెళ్లాయి, నడిచాయి, మంచి పేరు తెచ్చాయి. ఆ తర్వాత మాస్టారు దాన్ని సరిచేస్తానని ఎన్నిసార్లు అడిగినా, వచ్చిన ప్రతి డైరెక్టరూ నడుస్తున్నదాన్ని కదపవద్దనే సెలవిచ్చారు. 'తర్వాత' అనే ఆ రోజు మూడు దశాబ్దాలు దాటినా రాలేదు.

దాని ఫలితాన్ని అనుభవించింది యంత్రం కాదు, మాస్టారు. ప్రోగ్రాముల్లో తరచుగా జరిగే పొరపాటు సున్నా చిరునామాలో ఏదో ఒకటి రాసేయడం. నిజానికి అక్కడ దారి మూసి ఉండాలి. యంత్రం అక్కడికక్కడే ఆగి, తప్పు చేసినవారిని పేరుతో సహా పట్టివ్వాలి. మన కెర్నల్‌లో సున్నా దగ్గరే మొదలయ్యే ఆ పాత దారి తెరిచే ఉండడం వల్ల తప్పు చప్పుడు చేయకుండా లోపలికి పోయి, ఎక్కడో ఏదో పాడుచేసేది; కొన్ని పూటల తర్వాత యంత్రం ఇంకెక్కడో కూలేది. కారణం ఊహించగలిగినవారు ఒక్కరే. అందుకే ఫోన్ ఆయనకే వెళ్లేది. మేనకోడలి పెళ్లిలో వెళ్లింది, తండ్రి పోయిన నాలుగో నాడు వెళ్లింది. ఆయన సీనియర్ ఇంజనీరయ్యారు, ముఖ్య ఇంజనీరయ్యారు, విభాగాధిపతి పదవిని మర్యాదగా వద్దన్నారు. హోదా ఏదైనా ఫోన్ మాత్రం మారలేదు.

లెక్కల టీచరైన ఆయన శ్రీమతికి శస్త్రచికిత్స జరిగిన రోజున, ఆపరేషన్ థియేటర్ బయట బల్ల మీద కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుని, "ఆ చిరునామా ఇంకోసారి చదవండి… కాదు కాదు, దాని కింది వరస" అని చెబుతూనే ఉన్నారాయన. మత్తు వదిలి కళ్లు తెరిచిన ఆవిడ అడిగిన మొదటి మాట: "యంత్రం లేచిందా?" ఆ మాటలో వేళాకోళం ఎంతో, నిష్ఠూరం ఎంతో మాస్టారికి ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యమూ చేయలేదు.

అటువంటి మనిషికి ఈ ఏడాది మన సంస్థ ఇచ్చిన కానుక, మరో రెండేళ్ల సేవా పొడిగింపు. గౌరవమే, కాదనలేం. కానీ ఇంట్లో ఆవిడ ఈసారి ఒకటే మాట అన్నారు: "మీరు ఉంటారో వస్తారో మీ ఇష్టం. నేను మాత్రం ఇక ఎదురుచూడను. అలిసిపోయానండీ." పని అడిగినవారికి ఏనాడూ 'కుదరదు' అని చెప్పి ఎరగని మాస్టారు ఆ కాగితాన్ని సొరుగులో పెట్టి, సంతకం చేయలేక, తిప్పి పంపలేక, నెల రోజులు నలిగిపోయారు.

ఇక్కడ మన 'డ్రైవర్ల మేడమ్' పాత్ర చెప్పుకోవాలి. పరికరాలను నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు రాసే ఈవిడ దగ్గరికి, కారు డ్రైవర్లు ఇప్పటికీ పొరపాటున సెలవు చీటీలు తెస్తుంటారు. ఆవిడ నేరుగా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్లారు.

"మాస్టారు పోతే ఎలా అని భయపడుతున్నారు గానీ సార్, ఆ పాత దారి తీసేస్తే తప్పు ఎక్కడుందో యంత్రమే చెప్తుంది. ఎవరైనా చూసుకోవచ్చు. పరీక్ష యంత్రం మీద ఒక్కసారి చేయనివ్వండి."

అనుమతి వచ్చింది. ఇద్దరూ కూర్చుని పాత చిరునామాలో మిగిలిన సామాన్లను ఒక్కొక్కటే కొత్త చోటికి చేర్చారు. గత వారం ఒక ఉదయం, అందరి సమక్షంలో, మాస్టారు చేతులతోనే ఆ దారి చెరిగింది. యంత్రం లేచింది. చప్పట్లు కొట్టబోతుండగా టక్కున ఆగిపోయింది. తెర మీద రెండు వరుసలు: సున్నా చిరునామాలో రాతకు ప్రయత్నం, ఫలానా డ్రైవర్, ఫలానా చోట.

మేడమ్ వంగి చదివి, ఎగిరి గంతేసినంత పని చేశారు. "నా తప్పే! మాస్టారూ, నా తప్పే! చూడండి, నా డ్రైవర్‌ను పేరుతో సహా పట్టుకుంది!"

తన తప్పు బయటపడితే అంత సంబరపడిన మనిషిని మన కార్యాలయం ఇంతకు ముందు చూడలేదు. ఆవిడ అక్కడే సరిచేశారు. యంత్రం మళ్లీ లేచి, పరుగందుకుంది. అందరూ తెర చుట్టూ మూగారు. మాస్టారిని ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన వెనక కుర్చీలో కూర్చుని, ఖాళీగా ఉన్న తన చేతులను కాసేపు చూసుకున్నారు. సంతోషమే, కానీ అందులో ఒక ముల్లు ఉందని ఆ ముఖమే చెప్పింది.

డైరెక్టర్ గారు భుజం మీద చేయి వేసి, "ఏమైనా మీరుంటే మాకు కొండంత అండ. ఆ కాగితం సంగతి…" అన్నారు. మాస్టారి తల, అలవాటు కొద్దీ, ఊగబోయింది.

"కాలు ఎక్కడుంది, మాస్టారూ?" అన్నారు మేడమ్.

అంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆచారం ప్రకారం జవాబు చెప్పాలి కదా. "ఇన్నేళ్లూ రెండు చోట్లా ఉందమ్మా," అన్నారు మెల్లగా. "అందుకే నడుము ఇలా అయింది. క్షమించండి సార్, నేను ఉండలేను."

వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేశారు. అవతల ఆవిడ 'హలో' కూడా అనలేదు.

"యంత్రం లేచిందా?"

"లేచింది. నన్ను అడక్కుండానే లేచింది. వచ్చేస్తున్నాను."

ఆ మాటకు ఆవిడ ఏడ్చారని మాస్టారే చెప్పారు.

సహోద్యోగులారా, మాస్టారికి మనం శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం, ఫొటో దిగుతాం. వారికి నిజంగా కావలసినవి అవి కావు. ముందు ఆ నడుము నొప్పి తగ్గాలి. మధ్యలో లేవనక్కరలేని భోజనాలు, సగంలో ఆగని నిద్రలు వారికి కలగాలి. ఎదురుచూసి విసిగిన ఆ ఇల్లాలి పక్కన, రెండు కాళ్లూ ఒకే గడపలో పెట్టుకుని, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలి. ఇక నుంచి వారి ఇంట్లో ఫోన్ మోగితే, అది కూతురిదో, మేనకోడలిదో కావాలి. మనది మాత్రం కాకూడదు.