రెండో పోర్టు

అబెమామ దీవిలో చేపల సంఘం ఆఫీసు, సాయంత్రం నాలుగవడానికి పావుగంట ముందు. మిగతావాళ్ళంతా ఇళ్ళకి పోయారు. ఉన్నది గుమాస్తా తెరెతియా, కంప్యూటరు బాగుచేయడానికి రాజధాని తరావా నుంచి విమానంలో వచ్చిన బరానికో.

"అది మాత్రం ముట్టుకోకు, బరానికో."

"ముట్టుకోకుండా ఎలా బాగుచేస్తారక్కా? మంత్రం వేసా?"

"ప్రింటరు చూడు. కాగితాలు నమిలేస్తోంది."

"ప్రింటరు కోసం విమానం ఎక్కించారా నన్ను? తెర మీద బాణం దానంతట అదే పరిగెడుతోంది, రాస్తున్న ఉత్తరాలు మూసేస్తోంది, వచ్చి దయ్యాన్ని వదిలించమని కబురు పెట్టాడు మీ మేనేజరు."

"దయ్యం అన్నాడా?"

"నవ్వులాటకే అన్నాడులే."

"నవ్వుతాడు. ఎందుకు నవ్వడు? పోయింది ఆయనింటి మనిషి కాదుగా."

"అక్కా... మికాయెరే బావ సంగతి విన్నా. దిగగానే ఇంటికే వద్దామనుకున్నా, కానీ..."

"వచ్చావుగా. ఇదిగో, తీపికల్లు. తాగు."

"ఎన్నాళ్ళయింది?"

"ఇరవై మూడు రోజులు. చేపలకని పొద్దున్నే ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నం అన్నంవేళకి వస్తానన్నాడు. గస్తీ పడవ పది రోజులు వెతికి చాలించుకుంది. పెద్దవాళ్ళు పోయినవాడికి దారి కూడా సరిచేసేశారు."

"శవం లేకుండానే?"

"ఆయన పడుకునే చాప ముందేసుకుని. దారి చూపించకపోతే చచ్చినవాడు ఇంటి చుట్టూనే తిరుగుతాడట, ఉత్తరపు కొసన చచ్చినవాళ్ళ లోకానికి కాపలా ఉండే నకా వాకిలి దొరకదట. మా అత్తే పట్టుబట్టింది."

"ఊఁ... ఈ రేడియో పెట్టె తీగ పీకేశానన్నాడే మేనేజరు. తగిలించే ఉందేంటి?"

"ఉందా?"

"ఉంది, చూడు. బాణం గోల దీనివల్లేనని పీకి పక్కన పెట్టానన్నాడు."

"నేనే తగిలించా."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికేనా?"

"పగలు పీకే ఉంటుంది. అందరూ పోయాక కంప్యూటరు ఆపి, తీగ తగిలించి, మళ్ళీ పెడతా. నాలుగింటికి వస్తాడు."

"ఎవరు?"

"ఎవరేంటి, ఎవరు!"

"బావా?"

"నవ్వకు."

"నవ్వట్లేదక్కా."

"కాసేపు ఊరుకుంటుంది బాణం. తర్వాత గబుక్కున మూలకి పోతుంది, గెంతుతుంది, ఏదో ఒకటి తెరిచిపెడుతుంది. మికాయెరే అంతేగా, ఏ వస్తువునీ దాని చోట ఉండనివ్వడు. నేను మాట్లాడతా. పాపకి ముందుపన్ను ఊడిందని చెప్పా మొన్న."

"ఇంట్లో తెలుసా?"

"తెలిస్తే ఇంకేమైనా ఉందా! ఇంకా తిరుగుతున్నాడని మళ్ళీ దారి సరిచేస్తారు. ఈసారి నిజంగానే పోతాడు. నాకు ఆయన పోవడం ఇష్టం లేదు, బరానికో. బాణమైతే బాణం, ఉండనీ. నీకు పుణ్యముంటుంది, బాగవలేదని చెప్పి వెళ్ళిపో."

"అక్కా, నీకెలా చెప్పాలో..."

"చెప్పకు."

"చెప్పాలి. ఈ కంప్యూటరు కొత్తది కదా?"

"ఆయన పోయిన మర్నాడు ఓడ దింపింది."

"అదీ సంగతి. దీని వెనక రెండు సీరియల్ పోర్టులున్నాయి. మొదటిదాంట్లో మౌస్. రెండోదాంట్లో, పడవల నుంచి కబుర్లు వినే ఈ పెట్టె. ఆన్ చేయగానే ఇది రెండు పోర్టుల్నీ పలకరిస్తుంది. సరిగ్గా అప్పుడే పెట్టె తన పేరు చెప్పుకుంటుంది. ఇదేమో, ఓహో ఇక్కడ ఇంకో మౌస్ ఉంది అనుకుంటుంది. అంతే. ఆ తర్వాత పెట్టె ఏ ముక్క చెప్పినా మౌస్ కదిలిందనుకుని బాణాన్ని గెంతిస్తుంది."

"పాతదాంట్లో ఏనాడూ గెంతలేదే."

"పాతదానికి అంత తెలివి లేదు. దీనిది అతితెలివి."

"అయితే... ఆయన కాదు."

"కాదక్కా."

"కాదు."

"నన్ను తిట్టు. తిట్టేసెయ్."

"నిన్నెందుకు? ఇన్ని సాయంత్రాలూ ఒక రేకు పెట్టెతో మాట్లాడానన్నమాట. పాప పన్ను సంగతి చెప్పానురా దానికి."

"అక్కా, కూర్చో కాస్త."

"కూర్చోను. బాగుచేసెయ్. కానీ, త్వరగా కానీ."

"రెండో పోర్టులో మౌస్ లేదని దీనికి గట్టిగా చెప్పాలి... చెప్పా. ఆపి మళ్ళీ పెడతా... ఇదిగో, ఇప్పుడు పెట్టె కబుర్లు చూపించే పాత ప్రోగ్రాం తెరుస్తున్నా. ఇన్నాళ్ళూ ఇది పోర్టు ఇమ్మని అడిగితే, మౌస్ వాడుకుంటోంది ఫో అని కంప్యూటరు తోసేసింది. చూడు, తెరుచుకుంది."

"ఖాళీగా ఉందే."

"ఏ పడవ నుంచైనా కబురొస్తే వరస పడుతుంది."

"ఎవరి కబురు? నాలుగు పడవలకిచ్చారు పెట్టెలు. ముగ్గురు బ్యాటరీలు పీకి దీపాలకి పెట్టుకున్నారు. నేను పోరగా పోరగా ఉంచుకున్నది మికాయెరే ఒక్కడే."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. ఏం?"

"ఏం లేదు. మరి ఈ పెట్టె రోజూ ఏం విని మాట్లాడుతోందా అని..."

"నన్నడుగుతావేం?"

"ఏదో రొద అయ్యుంటుంది. దారిన పోయే ఏ ఓడదో..."

"బరానికో. పడింది."

"ఏది?"

"వరస. అన్నీ అంకెలు. మొదట మూడు."

"మూడా?"

"మూడో నంబరు పడవ మాదే."

"ఆగు, ఆగు. కుర్చీ కదపకు. ఇది... ఇది పడవ ఉన్న చోటు. పడమర. చాలా దూరం, ఐదారు వందల మైళ్ళు ఉంటుంది."

"అయితే మునగలేదు!"

"మునగలేదు."

"ఖాళీ పడవ తేలుతోంది. మనిషి పోయి పడవ మిగిలింది. తుడుచుకుంటాలే, నువ్వు చదువు. సోలార్ పలక ఉందిగా దాని మీద, బ్యాటరీ చావదు. పెట్టె వాగుతూ ఉంటుంది. అంతేనా?"

"ఈ చివరి అంకె... నాలుగు వందల పన్నెండు."

"ఏంటది?"

"ఎన్నో కబురో. బయల్దేరిన రోజు నుంచి ఆ పడవ పంపినవాటిలో ఇది నాలుగు వందల పన్నెండోది."

"అన్ని కబుర్లా? నాలుగింటికేగా వచ్చేది?"

"నువ్వు తీగ తగిలించేది నాలుగింటికి, అక్కా. రేడియో గది తాళం ఏది? గస్తీ పడవని పిలవాలి."

"ఖాళీ పడవకి అంత తొందరేంటి? రేపు చెప్దాంలే."

"తాళం ఇవ్వు."

"ఎక్కడికలా పరిగెడుతున్నావు?"

"తాళం ఇవ్వక్కా, మాట్లాడకుండా!"

"ఇవ్వను. ముందు చెప్పు. ఆ పెట్టె దానంతట అదే పంపుతుందా, లేదా?"

"తర్వాత చెప్తా."

"బరానికో!"

"బ్యాటరీ మిగులుతుందని, పడవలకి పెట్టెలు బిగించినప్పుడు ఆ ఏర్పాటు నేనే తీసేశా. ప్రతిసారీ ఎవరో ఒకరు బొత్తాం నొక్కితేనే వెళ్తుంది."