మిషన్ ఆగినంక

మిర్యాలగూడలో హుజూర్‌నగర్ రోడ్డు పక్కన కట్టెకోత మిల్లు. మధ్యాహ్నం కరెంటు పోయి రంపం ఆగింది. దుంగను రంపం మీదికి తోసే మిస్త్రీ అచ్చయ్య, అవతలి దిక్కు నిలబడి గుంజే బీరన్న రంపప్పొట్టు మీద కూర్చున్నారు.

“అందుకే నిన్నడుగుతున్న. వాని మొఖం నీ దిక్కే ఉండె గద, బీరన్నా.”

“ఎవని మొఖం మామా?”

“ఎవనిదంటవేందిరా. మా పిలగాడు సంపత్‌ది. ఆఖరి దినం గీడికొచ్చి, నా పక్కన నిలవడి ఏదో చెప్పిండు. నువ్వు ఎదురుంగున్నవ్.”

“యాడాదాయె మామా. నాకేం యాదుంటది. బీడీ ఉన్నదా?”

“బీడీ తర్వాత. యాదికి తెచ్చుకో.”

“మిషన్ నడుస్తుండె. చెవుల నోరు పెట్టి ఒర్లినా ఇనబడదు. పక్కనున్న నీకే ఇనబడకపాయె, అవతలున్న నాకేం ఇనబడ్తది?”

“ఇనబడ్డదా అని అడుగుతలే. నీకు పెదాలు సూసి మాట పట్టుడొస్తది. మొన్న గా కోదాడ డ్రైవర్ గేటు కాడ ఫోన్ల పెండ్లాంతోని కొట్లాడుతుంటే, మిషన్ నడుస్తుండంగనే వాని ముచ్చటంత సైగలతోని నాకు చెప్పినవ్.”

“గది నవ్వులాటకు మామా. సగం నేను కల్పించిన.”

“కల్పించలే. నీకు ఆ పెదాలు సూసే పని నేర్పిందే నేను. నా కాడ మాటలు తిప్పకు.”

“పడ్తది గాని, అంత పడదు.”

“ఎంత పడ్డదో అంతే చెప్పు.”

“ఇప్పుడెందుకు మామా ఇదంత? రేపు పిలగాని సంవత్సరీకం పెట్టుకొని…”

“సంవత్సరీకమనే. పొద్దుగాల మీ అత్త అన్నది, బీరన్న ఎదురుంగుండె గద, పిలగాడు ఆఖరికి ఏమన్నడో బీరన్ననే అడుగుత అని. బువ్వ పట్టుకొని ఇప్పుడొస్తది. వచ్చి నిన్నడుగుతది.”

“సుగుణత్తనా? నన్నా?”

“నిన్నే. ఇన్ని దినాలు అడగలే. ఇగ ఆగదు. నువ్వేం చెప్తవో నాకు ముందుగాల తెల్వాలె.”

“కరెంటెప్పుడొస్తదంట?”

“లైన్‌మన్ అరగంట అన్నడు. మాట మార్చకు.”

“బండి తాళం అడిగిండు మామా. బండి తీస్కపోత అన్నడు.”

“వానికి బండి నడపరాదు.”

“అయితే సైకిల్ గావొచ్చు.”

“బీరన్నా. నా దిక్కు సూడు. నేలకెందుకు సూస్తున్నవ్? నా దిక్కు.”

“గది తెల్సుకుంటే ఏమొస్తది మామా? పిలగాడు తిరిగొస్తడా?”

“రాడు.”

“మరి?”

“చెప్పు.”

“భయపడ్డడు మామా.”

“ఊఁ.”

“‘నాయినా, నేను ఆ రైస్ మిల్లుకు పోను’ అన్నడు. ‘బాయిలర్ పైపు కాడ ఆవిరి తన్నుకొస్తున్నది. చెప్తే ఎవ్వలు ఇంటలేరు, పొయ్యిల ఊక ఎయ్యి, ఊక ఎయ్యి అంటున్నరు. నాకు భయమైతున్నది’ అన్నడు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“ఉన్నది.”

“ఉన్నదని నీకెట్ల తెల్సు?”

“అంతసేపు నిలవడ్డడు గద. ఉంటది.”

“‘నీ కాడనే ఉంట’ అన్నడు. ‘దుంగలు మోస్త, పొట్టు ఎత్తుత, ఏం చెప్తే అది చేస్త. నన్ను పంపకు నాయినా’ అన్నడు. గా పంపకు అన్న మాట రెండుసార్లన్నడు.”

“రెండుసార్లు.”

“నువ్వు సరే సరే అన్నట్టు తల్కాయ ఊపినవ్. సెయ్యి గిట్ల ఆడిచ్చినవ్, పో అని. పిలగాడు జరసేపు నిలవడ్డడు. నా దిక్కు కూడ సూసిండు. ఇగ పోయిండు. మూడు గంటలకు బాయిలర్ పేలిందని ఫోనొచ్చె.”

“నీ దిక్కు సూసిండా?”

“సూసిండు. నేనన్న చెప్తనేమో అనుకున్నడు గావొచ్చు. దుంగ సగంల ఉండె మామా. ఆపితే బ్లేడు ఇరుక్కుంటది. ఈ ఒక్క దుంగ అయినంక చెప్త అనుకున్న. దాని ఎంబడి ఇంకోటి ఎక్కిచ్చినం. తర్వాత మరిచిన. మరిచిన మామా, గంతే. యాడాది సంది నీ మొఖం సూడలేక సస్తున్న.”

“నువ్వేం చేస్తవ్ రా.”

“నీదైతే ఏం తప్పు లేదు. నీకు ఇనబడలే. కండ్లేమో దుంగ మీదుండె. తుమ్మ మొద్దాయె, జర కన్ను తిప్పితే సేతి ఏలు పోతది. ఇప్పటికే రెండు పోగొట్టుకుంటివి.”

“దుంగ మీదుండె.”

“ఉండకపోతే ఎట్ల? అత్తకు కూడ ఉన్నదున్నట్టు చెప్పేస్త. నీకు ఇనబడలే అని అందరికీ ఎరికనే గద. ఆమె ఏమనుకోదు.”

“వద్దు.”

“ఎందుకొద్దు?”

“వద్దంటే వద్దు. సాయంత్రం జల్దొస్త, అమ్మను కోడికూర వండమను అన్నడని చెప్పు.”

“అబద్ధం చెప్పాల్నా మామా? సచ్చిపోయిన పిలగాని మీద?”

“భయపడుకుంట పోయిండు అంటే ఆమె ఎట్ల బతుకుతదిరా? సంబురంగ పోయిండు అనుకోనియ్యి.”

“నాతోని కాదు.”

“అయితది. నీ కాళ్ళు మొక్కుత.”

“గట్లనకు మామా. ఆగు, ఆగు. అత్తొస్తున్నది. గేటు దాటింది.”

“నేను చెప్పినట్టు చెప్పు.”

“ఏమయ్యా, కరెంటు లేదా? రోడ్డు మూల మీది నుంచే తెల్సిపాయె, చప్పుడు లేదని. బీరన్నా, నీ డబ్బా తెచ్చుకున్నవా? లేకపోతే దీంట్లనే ఇద్దరు తినుండ్రి. గోంగూర ఉన్నది.”

“పెట్టిపో సుగుణా. ఎండల ఎందుకు నిలవడ్డవ్.”

“పెట్టిపోనీకి రాలే. బీరన్నా, నిన్నొకటి అడుగుత, ఏమనుకోకు బిడ్డా. గా దినం మా సంపత్ ఈడనే నిలవడె గద. ఏమన్నడు?”

“జల్దొస్త అన్నడత్తా. అమ్మను కోడికూర వండమను అన్నడు.”

“కోడికూరనా?”

“అవునత్తా. నవ్వుకుంట అన్నడు.”

“గా దినం శనివారం బీరన్నా. శనివారం వాడు నీసు ముట్టడు.”

“యాదికి లేదత్తా. ఏదో కూర అన్నడు.”

“మీ మామ చెప్పమన్నడా?”

“మామ… లేదత్తా.”

“సుగుణా, పోరాన్ని పరేషాన్ చేయకు. పో ఇంటికి.”

“నువ్వుండయ్యా. బీరన్నా, వాడేమన్నడో నాకు ఎరికనే. పొద్దుగాల నా కొంగు పట్టుకొని ఏడ్చిండు, ఇరవై రెండేండ్ల పిలగాడు. నేను పోనమ్మా, గాడ భయమైతున్నది అని. నాయిననడుగు బిడ్డా, నాయిన ఉండుమంటే ఉండు అని నేనే గీడికి పంపిన.”

“ఎరికుండి మళ్ళ ఎందుకు అడుగుతున్నవత్తా?”

“అడిగిండా లేదా అని. నాయినంటే వానికి భయం. నోరు తెరిచి అడిగిండో, ఊకెనే నిలవడి మళ్ళిపోయిండో. ఈ ఒక్కటి తెల్వక నాకు నిద్ర లేదు.”

“అడిగిండత్తా.”

“అడిగిండా?”

“రెండుసార్లడిగిండు. పంపకు నాయినా అని.”

“అయ్యో. అయితే నేనే సంపుకున్న.”

“గట్లనకు సుగుణా.”

“నేనే. అడుగు అని చెప్పిన గాని, మిషన్ ఆగినంక అడుగు అని చెప్పకపోతిని. ముప్పై ఏండ్ల సంది ఈ మనిషితోని కాపురం జేస్తున్న. మిషన్ నడుస్తుంటే ఈయనకు పిడుగు పడ్డా ఇనబడదని నాకు తెల్వదా? జర కూసో బిడ్డా, మిషన్ ఆగినంక చెప్పు అంటే అయిపోతుండె. ఒక్క మాట. గా ఒక్క మాట నా నోట్లకెల్లి రాకపాయె.”

“నువ్వేం చేసినవ్ అత్తా…”

“ఈయనకు ఇనబడితే పంపుతుండెనా? చెప్పయ్యా, పంపుతుంటివా? కాళ్ళకడ్డం పడి ఆపుకుంటుంటివి. నిన్ను సూసినప్పుడల్లా నాకు గదే. నీ పిలగాన్ని నీకు కాకుంట చేసిన.”

“మామా, నువ్వన్న చెప్పరాదే, అత్త తప్పేం లేదని.”

“చెప్త.”

“చెప్పు మరి.”

“సుగుణా…”

“ఏందయ్యా?”

“సుగుణా, గా దినం… గా దినం నేను…”

“ఏంది? చెప్పు.”

“బల్బు ఎలిగింది. కరెంటొచ్చె బీరన్నా. స్విచ్ ఎయ్యి.”

“జర ఆగుదాం మామా. అత్త ఏడుస్తున్నది.”

“లోడు సాయంత్రానికి సూర్యాపేట పోవాలె. ఎయ్యి.”

“మామా…”

“ఎయ్యమంటున్న గద.”

“ఏసిన. జరుగత్తా, పొట్టు కండ్లల పడ్తది.”

“సుగుణా, నీ తప్పు లేదు. నేను తలెత్తి సూసిన. వాని పెదాలు సూసిన. పంపకు నాయినా అన్నడు, నాకు తెల్సింది. నా లెక్క ఏండ్లకేండ్లు రంపం కాడ నిలవడొద్దు, సేతి ఏళ్ళు తెగొద్దు అని వాళ్ళను వీళ్ళను బతిమాలి ఆ నౌకరి ఇప్పిచ్చిన. రెండు దినాలైతే భయం పోతది అనుకున్న. తెల్సీ, తెల్వనట్టు తల్కాయ ఊపిన. ఇన్నవా సుగుణా? నాకు తెల్సే పంపిన.”

“ఏందయ్యా? ఈ చప్పుడుల ఏం ఇనబడ్తలే. సరే, సరే. బువ్వ సల్లారుతది, తిను.”