నలిగిన టేపు

ఆపకురా అల్లుడూ, పాడనీ. ఫోన్లో ఇదెవరు, ఎవరో ఆడపిల్ల పాడుతోందే? బానే ఉందిలే. ఈ ప్రేమపాటని ఎంతమంది పాడలేదూ! మొదట ఆ గిటారు కుర్రాళ్లు మెత్తగా పాడారు. తర్వాతెవరో డ్రమ్ములేసి దడదడలాడించారు. ఒకాయనైతే జలుబు చేసినట్టు ముక్కుతో లాగాడు, అదీ అమ్ముడుపోయింది. అన్నీ నా కాసెట్ల కొట్లోంచి వెళ్లినవే, నాకు తెలీదూ? కానీ మీ అత్త తమ్ముడు పాడినట్టు... అప్పటికి నువ్వు పుట్టలేదులే. గోడలకి రంగులేసేవాడు. మనిషి కందిరీగలా తిరిగేవాడు గానీ, ఈ పాట మాత్రం పక్కన పడుకున్నవాళ్లని లేపకూడదన్నట్టు నింపాదిగా పాడేవాడు. ఓ మధ్యాహ్నం కొట్టు తలుపులు మూసి, చప్పుడు పడుతుందని ఫ్యాను కూడా ఆపి, చెమటలు కారుతుంటే పాడించి రికార్డు చేశా. మధ్యలో దగ్గాడు. "బావా, మళ్లీ పాడతా" అంటే, "చాల్లేరా, నీ దగ్గుక్కూడా గిరాకీ ఉందిలే" అన్నా. అదొక్కటే కాసెట్. కాసెట్ వీపు మీద రెండు ప్లాస్టిక్ రెక్కలుంటాయి చూడు, అవి విరగ్గొడితే దాని మీద ఇంకో పాట ఎక్కదు. విరగ్గొట్టా. నేనే. తర్వాత ఏమైందంటే... అదే, కొత్త గొంతుతో ఇదే పాట వచ్చింది. జనం ఎగబడ్డారు. ఖాళీ కాసెట్లు అయిపోయాయి. ఒకడు బస్సు టైమైపోతోందని నా నెత్తినెక్కి కూర్చున్నాడు. మనవాడిదేముంది, ఇంట్లో మనిషే, రేపు మళ్లీ పాడతాడనుకుని ఆ రెక్కలు విరిగిన బొక్కలకి సెల్లోటేపు అంటించి, వాడి పాట మీద ఈ పాట ఎక్కించి ఇచ్చేశా.

వారం తిరక్కుండా మనవాడు నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. నెలయ్యాక మీ అత్త, "మావాడి పాట ఒక్కసారి పెట్టండీ" అంది. టేపుని మిషన్ నమిలేసిందే అన్నా. ఏడవలా. "నలిగితే నలిగింది, ఆ టేపే తెచ్చివ్వండి, వాడి గొంతు అందులోనే ఉంటుందిగా" అంది. ఏం చెయ్యను? ఏదో పాత కాసెట్లోంచి టేపు లాగి, ఈ చేత్తోనే నలిపి ఇచ్చా. బట్టల అడుగున దాచుకుంది. చెప్పెయ్యొచ్చుగా మావయ్యా అంటావు. ముప్పై ఏళ్ల కింద చెప్పాల్సింది. మొన్న ఏమందో తెలుసా? నలిగిన టేపులు కూడా ఇప్పుడు బాగుచేస్తారట, పక్కింటి పిల్ల చెప్పిందట. "అల్లుడొస్తున్నాడుగా, పట్నం తీసుకెళ్లి మావాడి చేత పాడించుకొస్తాడు" అంటూ పొద్దున్నించీ ఆ టేపు చిక్కులు తీస్తోంది. అందుకే నిన్ను ముందు ఇటు పిలిచా. నువ్వు తీసుకెళ్లి, కుదర్లేదత్తా అని... ఛ, నీ చేత కూడానా... ఉష్, వస్తోంది. ఆ పాట ఆపు. ఆపరా! ఆఁ, ఏమే, అల్లుడికి మంచినీళ్లిచ్చావా?