ఛాతీ మీది సంచి

అమెరికాలోని మోంటానా కొండదారిలో మధ్యాహ్నం దాటింది. ఇరవై రెండేళ్ళ కూతురు వచ్చే వారం నాలుగు రోజులు ఒంటరిగా ఈ కొండలెక్కుతానంటోంది. ఆత్మరక్షణకి తుపాకీ దగ్గరుంచుకుంటుందో లేదో చూసి, పంపాలో వద్దో తేల్చుకుందామని తండ్రి వెంట వచ్చాడు. ఇద్దరి వీపులమీదా బరువైన బ్యాగులున్నాయి.

“ఆగమ్మాయ్. తుపాకీ కార్లోనే వదిలేశావు కదూ?”

“ఎవరన్నారు?”

“ఒకరనేదేంటి, నడుం దగ్గర ఏమీ లేదు. ఆరు మైళ్ళనుంచీ చూస్తున్నా. ఇంక ఆ ఒంటరి ప్రయాణం కట్టిపెట్టు.”

“నడుముకి పెట్టుకుంటే బ్యాగు పట్టీ సరిగ్గా దానిమీదే బిగుస్తుంది నాన్నా. అవసరానికి చెయ్యి దూరదు. ఇదిగో, ఛాతీ మీది ఈ సంచిలో ఉంది.”

“అది మ్యాపు పెట్టుకునే సంచి అనుకున్నానే!”

“అందరూ అలా అనుకోవాలనే కుట్టుకున్నా. దీనికి బ్యాగు దించక్కర్లేదు, పట్టీ విప్పక్కర్లేదు.”

“తుపాకీ కనబడకుండా ఎలా పెట్టుకోవాలో ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ నేర్పుతున్నా. నా కళ్ళకే గంతలు కట్టావు కదే!”

“నీది మాత్రం పొద్దున్నుంచీ దారినపోయే వాళ్ళందరికీ దర్శనమిస్తోంది. చొక్కా బ్యాగు పట్టీలో ఇరుక్కుని పైకి లేచిపోయింది. ఇందాక ఎదురొచ్చిన ముసలావిడ అంత దూరం ఎందుకు తప్పుకుందనుకున్నావు?”

“నా నెరిసిన గడ్డానికి మర్యాదేమో అనుకున్నా.”

తండ్రి చొక్కా కిందికి లాక్కున్నాడు. సిగ్గుపడాల్సిన మనిషి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

“వెళ్ళు తల్లీ, ఒక్కదానివే వెళ్ళు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.”

“నిజంగానా?”

“నిజంగానే. తిరిగొచ్చాక మాత్రం నా క్లాసులో ఈ పాఠం నువ్వే చెప్పాలి. నేను ముందు బెంచీలో కూర్చుంటా.”