మోచేతి మీది గాజులు

1949 చలికాలం. కోదాడలో బస్సులు ఆగే చోట ఉప్పలయ్య చాయ్ హోటల్. సూర్యాపేట బస్సు ఇంకా రాలేదు.

“...మీరు పేపర్ల రాసిన గది నాకు నోటికొచ్చు సార్. ‘సూర్యాపేటలో నిరుడు రూమీ టోపీ పెట్టినవాళ్లే ఈ యేడు తెల్లటోపీ పెట్టారు. తలలు మారలేదు, టోపీలమ్మేవాడు బాగుపడ్డాడు.’ నవ్వుకుంట పాలు పొంగిచ్చుకున్న.”

“నేను చూసిందే రాస్త ఉప్పలయ్యా. కల్పన నాకు చేతకాదు.”

“మిర్యాలగూడ మిల్లు కూలోళ్లది గూడ. తౌడు దుమ్ముల పనిచేసి ఇంటికి పోతే సొంత పిల్లలే గుర్తుపట్టరని.”

“అదీ చూసిందే. ఈసారి నీ మీద రాస్త. బెజవాడ లారీ ఆగితే ‘రండి, కూర్చోండి’ అంటవ్. సూర్యాపేట లారీ ఆగితే ‘రాన్రి, కూసోన్రి’ అంటవ్. గిరాకీని బట్టి భాష.”

“రాయున్రి సార్, హోటల్‌కు పేరొస్తది. హైద్రాబాద్ కాలేజీల పాఠాలు చెప్పే మత్తయ్య సార్ గీ బల్ల మీదనే కూసుంటడని అందరికీ చెప్త. ఇయ్యాల పొద్దుగాల గూడ ఒకాయన మీ గురించి అడిగిండు.”

“ఎవరు?”

“పేరు చెప్పలె. బూట్లేసుకున్నడు. తెలుగు రాదు, ఉర్దూల మాట్లాడిండు. సార్ ఎప్పుడొస్తడు, ఏ బస్సుకు పోతడు అని అన్నీ అడిగిండు.”

“కొత్త తహసీల్దార్ అయ్యుంటడు. నా రాతలు చదివిపిచ్చుకుంటడని విన్న.”

“అయ్యుంటడు. అవును సార్, గింత చలిల కోటు లేదేంది? పోయినసారి గోధుమరంగు కోటేసుకొచ్చిన్రు. ఏడన్న మర్చిపోయిన్రా?”

“మర్చిపోలె, ఇచ్చేసిన. మఠంపల్లి దిక్కు తండల ఒకడు వణుకుతుంటే కప్పిన.”

“ఇచ్చిన్రా? మరి...”

“మరి ఏంది?”

“ఏం లేదు సార్. దాని మీద గూడ రాయాల్సింది.”

“మన గొప్ప మనమే రాసుకుంటే బాగుండదు.”

“సారూ.”

“ఏయ్, గాడనే నిలబడు. నీ గిలాస బయట ఉంటది.”

“ఉప్పలయ్యా, రానియ్యి. ఆమె నాకు తెలుసు, నేను పోయిన తండామెనే. చాందీ కదూ? లోపలికి రా యాడీ. లంబాడోళ్ల భాషల తల్లిని యాడి అంటరు ఉప్పలయ్యా, తెలుసా నీకు? ఒక చాయ్ తే. లోపలి గిలాసల తే.”

“మీరు చెప్తే కాదంటనా సార్. పొయ్యి మీద పెడ్త.”

“కూసో యాడీ. నీ కోడలు సీతాబాయి బాగుందా? ఆమె చేసిన జొన్నరొట్టె రుచి ఇంకా నోట్లనే ఉంది.”

“రొట్టె యాదికుంది. ఇంకేం యాదికుంది సారూ?”

“అన్నీ. మీ పాటలు, అద్దాల కుట్లు, మీ...”

“సీత చేతులు యాదికున్నయా?”

“చేతులా?”

“మోచేతి మీది గాజులు. పేపర్ల రాసినవంట గద.”

“మీ దాంక వచ్చిందా అది? చదివినోళ్లంత మెచ్చుకున్నరు. మీలో మొగుడు పోతే మోచేతి మీది గాజులు తీస్తరు. నీ కొడుకు గేమ్యా వానకాలంల కృష్ణల మునిగిపోయినా నీ కోడలు తియ్యలె. ఏ చదువూ లేని పిల్ల ఆచారాన్ని ఎదిరించింది. పట్నంల ఉపన్యాసాలిచ్చేటోళ్లు చెయ్యని పని. అందుకే ఊరు పేరు పెట్టి మరీ రాసిన.”

“ఎదిరిచ్చిందా?”

“కాదా మరి?”

“నీకట్ల కనపడ్డది.”

“నేను చూసిందే రాసిన యాడీ.”

“సూసినవ్. నీకు నీళ్లు పోస్తాంటే ఓణి జారింది, సూసినవ్. మొగుడు సస్తేనే గాజులు తీస్తం సారూ.”

“అదే కద నేను...”

“బతికున్నోనికి తీస్తే వాడు సస్తడు. గందుకే తియ్యలె.”

“ఏమన్నవ్?”

“మెల్లగ.”

“గేమ్యా బతికే ఉన్నడా?”

“కమ్యూనిస్టు సంగపోల్ల దళంల ఉండె. మిలిట్రోల్లు దినాం తండ మీద పడి కొడ్తాంటే, ఏట్ల కొట్టుకపోయిండని ఏడ్సినం. దినాలు గూడ చేసినం. నమ్మిన్రు. కొట్టుడు ఆపిన్రు. సీత గాజులు తియ్యనంటే తియ్యనన్నది. వానకాలం నుంచి ఓణి కప్పుకొనే తిరిగింది.”

“నాకు ఒక్క మాట చెప్పాల్సింది.”

“పాటలడగనీకి వచ్చిన సారుకు ఏం చెప్తం?”

“తర్వాత?”

“క్యాంపు ఆఫీసర్ దుబాసితోని నీ పేపర్ సదివిపిచ్చుకున్నడు. మల్ల మా ముంగట సదివిపిచ్చిండు. నీకు ఆచారం కనపడ్డది సారూ. గానికి మొగుడు కనపడ్డడు.”

“దొరికిండా?”

“సున్నపురాళ్ల బొందల దొరికిండు. పానమున్నది. నేను గేమ్యాను కాదు, ఫకీరాను, రాళ్లు కొట్టే కూలోన్ని అంటుండు. ఎంత కొట్టినా గదే మాట.”

“ఫకీరా అంటే, ఆ రోజు మీ ఇంటికి...”

“నా చెల్లె కొడుకని చెప్పిన నీకు. నీకు పాట పాడిండు. చలికి గొంతు వణికింది. నువ్వు నవ్వినవ్.”

“వాడే గేమ్యానా?”

“నీకు ఫకీరానే. గందుకే నీ కాడికొచ్చిన. క్యాంపుకు రా సారూ. ‘వీడు ఫకీరా, తండల నేను చూసిన’ అని ఒక్క మాట చెప్పు. నీకు అబద్ధం గూడ కాదు. నీ రాత నమ్మినోల్లు నీ నోటిమాట నమ్మరా?”

“అది అంత సులువు కాదు యాడీ.”

“సాయంత్రం లారీ ఎక్కిస్తరంట. గా లారీ ఎక్కినోడు ఒక్కడూ ఇంటికి రాలె.”

“కాలేజీల పరీక్షలున్నయి. ఈ బస్సు పోతే మళ్ల...”

“క్యాంపు గదే, గా తుమ్మచెట్లవతల. బస్సు వచ్చే లోపల పోయి రావచ్చు.”

“నువ్వు అర్థం చేసుకుంటలేవు. నేను సర్కారు జీతగాన్ని. దళపోన్ని కలిసిననంటే...”

“ఫకీరాను కలిసినవ్.”

“రేపు గేమ్యా అని తేలితే?”

“తేలితే వాడు సస్తడు. నీకేమైతది?”

“ఉద్యోగం పోతది. జైల్ల పెడ్తరు. నాకూ పిల్లలున్నరు. అయినా ఏమని చెప్పాలె? రాసింది తప్పనాల్నా? ఇన్నేండ్లు చూసిందే రాసిన. ఒక్క రోజుల అది కాదంటే నా మాటకు విలువేముంటది?”

“ఇప్పుడేముంది సారూ?”

“చూడు యాడీ. ఆ పూట చీకటి పడ్డది. మీ ఇంట్ల దీపం గూడ సరిగ లేదు. వాడు ఫకీరానో ఎవరో నాకేం తెలుసు? మొహం సరిగ చూడలె.”

“సూడలె.”

“లేదు.”

“గాజులు సూసినవ్. మొహం సూడలె.”

“ఉప్పలయ్యా, అది బస్సు హారనేనా?”

“కాదు సార్, వడ్ల లారీ. చాయ్ ఇదిగో.”

“ఇక్కడ పెట్టు. చాయ్ తాగు యాడీ. నేను పట్నం పోయినంక తెలిసినోళ్లతోటి మాట్లాడిపిస్త. పెద్ద పెద్దోళ్లు తెలుసు నాకు.”

“సాయంత్రం లారీ అని చెప్పిన.”

“అదే, తొందరగనే మాట్లాడిపిస్త.”

“సరే సారూ. నీ కోటు సంగతి గూడ చెప్పి పోదామని వచ్చిన. గొంగడి లెక్క వెచ్చగున్నదన్నడు వాడు.”

“కోటా?”

“దొరికినప్పుడు వాని ఒంటి మీద గదే ఉండె. నువ్వు కప్పిందే.”

“చిన్నగ మాట్లాడు. నాదని వాడు గానీ...”

“చెప్పలె. పండ్లూడగొట్టినా చెప్పలె. గీ పట్నం కోటు ఎవలదని నిన్న నన్నడిగిన్రు. తెల్వదన్న.”

“మళ్ల అడిగితే?”

“తెల్వదనే అంట.”

“నిజంగనా?”

“మా రొట్టె తిన్నోన్ని పట్టియ్యం సారూ. నువ్వేం రాసినా, మా ఇంటికొచ్చినోనివి.”

“నీ మేలు మర్చిపోను యాడీ. కూసో, చాయ్ చల్లారుతుంది.”

“వద్దు. సీత కాడికి పోవాలె. క్యాంపు గేటు ముంగట కూసున్నది. ఇప్పుడు ఓణి కప్పుకుంటలేదు. సూసేటోల్లు సూస్తున్రు. లారీ పోయిందాంక గాజులు తియ్యనంటుంది.”

“...పోయిందా ఉప్పలయ్యా?”

“పోయింది సార్. తుమ్మచెట్ల కాడికి పోయింది.”

“మా మాటలేమన్న విన్నవా?”

“పొయ్యి కాడున్న సార్. కోటు ముచ్చట ఒక్కటే విన్న.”

“అది ఇక్కడనే మర్చిపో. మంచి మనుషులయ్యా తండోళ్లు. ఆమె చెప్పదు, వాడు చెప్పడు. ఇగ నా కోటు సంగతి ఎవరికీ తెల్వదు. ఏంది, చాయ్ వొంపుకుంటున్నవ్?”

“పొద్దుగాల వచ్చినాయన ఉన్నడు గద సార్.”

“తహసీల్దారా? ఆయనకేంది?”

“తహసీల్దార్ అని మీరన్నరు. నేను అనలె.”

“మరి ఎవరు?”

“సంకల ఒక కోటు పట్టుకొచ్చిండు సార్. గోధుమరంగుది. గీ బల్ల మీద పరిచి ఎవరిదని అడిగిండు. మీరు యాడనో మర్చిపోతే ఇచ్చిపోనీకి వచ్చిండనుకున్న. మా మత్తయ్య సార్‌ది, పేపర్ల రాస్తడు, ఇయ్యాల సూర్యాపేట బస్సుకు గీడికే వస్తడని గొప్పగ చెప్పిన.”

“ఎందుకు చెప్పినవ్ ఉప్పలయ్యా?”

“మీ లెక్కనే సార్. చూసిందే చెప్పిన.”