దూదేకే విల్లు కోసం కోర్టుకు పోయినాం

"అవ్వా, రేపు కోర్టులో సాక్షి చెప్పేటప్పుడు జడ్జిగారిని ఏమని పిలవల్ల?"

ఏమని పిలిస్తేనేమిలే... కాదు కాదు, అట్లనగూడదు, దానికీ ఒక మర్యాద ఉండాది. కూచో, చెప్తా.

మేము దూదేకులోళ్ళం గదా. నాకప్పుడు పదహారేండ్లు. ముదిగుబ్బలో మా నాయన పరుపులు కుడతాన్న్యాడు. దూదేకే విల్లు నువ్వు చూసిండవులే, మనిషంత పొడుగు, నరం బిగించి కట్టెతో కొడితే దూది పొగమాదిరి లేస్తాది. ఆ విల్లే మాకు కూడు.

కదిరిలో ఒక లాడ్జాయన, పేరెందుకులే, నాలుగు పాత పరుపులిచ్చి ఏకి కొత్తగా కుట్టమన్న్యాడు. ఇంటికాడనే కుట్టి బండిలో ఏసుకోని పోయినాం. దిండ్లు ఆడనే ఏకుదామని విల్లు గూడా తీసకపోయినాం. ఆయప్ప తూకమేసి, "ఐదు సేర్లు తగ్గింది, దొంగిలిచ్చినారు. దూది తెచ్చి విల్లు తీసకపోండి" అని విల్లు లోపల పెట్టి బీగమేసినాడు. పాత దూది ఏకితే దుమ్ము రాలదా తల్లీ? రాలిందంతా నాయన మూటగట్టి పెట్టేవాడు, అది ఆయన పద్ధతి. తెచ్చి చూపిస్తామంటే, "మీ ఇంట్లో ఊడ్చిన కసువు నాకెందుకు?" అన్న్యాడు.

ఆ ఏడు వానల్లేవు, సెనక్కాయ చేన్లోనే ఎండిపాయ. నాయన రోడ్డు పనికి కంకర కొట్టను పోయినాడు. ఆకలి ఓర్చుకున్న్యాడు గానీ, దొంగ అన్న్యారే, ఆ మాటకు నిద్ర పోలేదు.

కోర్టు బయట అర్జీలు రాసే ముసలాయన ఉన్న్యాడు. వకీలుకు దుడ్లు యాడుండాయి మా తావ? ఆయనే దావా రాసి, స్టాంపు అంటించి, నాకు నేర్పిచ్చినాడు. నాయనకు నత్తి, అందుకని నన్నే సాక్షిగా పెట్టినారు. "చెప్పులు బయట ఇడువు. 'ఏలినవారూ' అను. అడిగినదానికే చెప్పు. తెలీకపోతే తెలీదను." ముదిగుబ్బ నుంచి కదిరికి బస్సులో దారి పొడుగునా ఏలినవారూ, ఏలినవారూ అనుకుంటా పోయినా. అప్పుడు బస్సుకు ఆరణాలో, ఎనిమిదణాలో... ఏదోలే.

రెండు వాయిదాలు పోయినాక మా పేరు పిలిచినారు. మునసబు, ఊరి మునసబు గాదు, కోర్టు మునసబు, అంటే జడ్జే, పైన కూచోనుండాడు. నోరు తెరిస్తే ఏమొచ్చిందనుకుంటివి? "ఏమప్పా" అంటి! అందరూ నవ్విరి. బంట్రోతు కసిరినాడు. మునసబు చెయ్యెత్తి, "నవ్వొద్దు. చెప్పమ్మా" అన్న్యాడు.

"తప్పయింది ఏలినవారూ" అని మొదలుపెట్టినా. నడమ లాడ్జాయన "అంతా అబద్ధం" అన్న్యాడు. నేను గిర్రున ఆయన తట్టు తిరిగి, "దొంగలు మేమా, నువ్వా..." అనబోతి. "ఆయనతో కాదమ్మా, నాతో చెప్పు" అన్న్యాడు మునసబు. ఇది గట్టిగా పట్టుకో నువ్వు. ఎదుటోడు ఎంత రెచ్చగొట్టినా జడ్జి తట్టే చూడు.

అప్పుడు మూట ముందర పెట్టినా. "ఇది మా ఇంటి కసువంటాండాడు ఏలినవారూ. కట్టిన గుడ్డ చూడండి." పాత పరుపు గుడ్డలోనే కట్టిన్న్యాడు నాయన. దాని మీద లాడ్జి గది నెంబరు, సిరాతో. "ఈ గుడ్డ మీదేనా?" అని అడిగితే లాడ్జాయన తల దించుకోని, "మాదే" అన్న్యాడు. తక్కెడ తెప్పిచ్చి తూచినారు. నాలుగున్నర సేర్ల పైమాటే. గాలికి పోయింది ఇంగెంతో!

విల్లు ఇచ్చేయమని తీర్పు. మునసబు ఇంగ్లీషులో చెప్తాంటే గుమాస్తా రాసుకున్న్యాడు, మాకొక్క ముక్క తెలీలేదు. బయటికొచ్చినాక అర్జీలాయన చెప్పినాడు, "ఇందులో దొంగతనమేమీ లేదని రాయించినాడప్పా" అని.

మా నాయన నత్తితోనే, "మ... మళ్ళా చెప్పు సామీ" అన్న్యాడు. చెప్పినాడు. "ఇంగొకసారి" అన్న్యాడు. మూడుసార్లు చెప్పిచ్చుకోని, ఆ ఎండలోనే కూలబడి ఏడ్సినాడమ్మా.

పో తల్లీ, పడుకో. పొద్దున్నే లేసి బువ్వ తినే పో. ఆ అల్లా నీ నోట నిదానంగా పలికిచ్చల్ల...