అత్తగారి ఫిర్యాదు

కుట్టు మిషను పక్కన చాప మీద కూర్చుని అత్తాకోడళ్ళు గుడ్డ బొమ్మల్లో దూది కూరుతున్నారు.

“అత్తయ్యా, ఆన్‌లైన్‌లో మన బొమ్మలు కొనేవాళ్ళు డబ్బు కట్టడానికి వారం నుంచి రెండు పేమెంట్ కంపెనీలనీ వాడి చూశాను. ఇక ఒకటే ఉంచుకోవాలి. మొదటిదానికి కమిషన్ తక్కువ.”

“రెండోదే ఉంచుకో.”

“మీకేం తెలుసని?”

“నా స్నేహితురాలి పేరు మీద నీ దగ్గర రెండు బొమ్మలు కొన్నాను. ఒకదానికి ఇందులో, ఇంకోదానికి అందులో డబ్బు కట్టాను. తర్వాత బొమ్మలు రాలేదని రెండు కంపెనీలకీ ఫోన్ చేశాను.”

“అది మీరా! మొదటి బేరమని నేనెంత సంబరపడ్డానో!”

“ముందు విను. మొదటివాళ్ళు అరగంట పాట వినిపించి పెట్టేశారు. రెండోచోట ఓ అమ్మాయి ఓపిగ్గా విని, అమ్మినావిడ జవాబిచ్చేదాకా డబ్బు ఆపుతానంది.”

“ఆపింది నా డబ్బే కదా!”

“అడిగితే పలికే మనిషి ఉందని తెలిస్తేనే ముక్కూమొహం తెలియనివాళ్ళు నీ దగ్గర కొంటారు.”

“నిజమేలెండి. మరి ఆ ఫిర్యాదు?”

“బొమ్మ చేరిందని ఇవాళే చెప్పేస్తాను. ఎడమ కన్ను వంకరగా ఉందని కూడా చెప్పనా?”

“అత్తయ్యా!”

“సరే, చెప్పనులే. కానీ ఈసారి కన్ను సరిగ్గా కుట్టు. నా స్నేహితురాలు మనవరాలి కోసం ఇంకోటి కావాలంటోంది. డబ్బు ఆవిడే కడుతుందట.”